రొట్టె పళ్లెం పక్కకు అందించేస్తున్న సోదరికి

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది ప్రకాశం జిల్లా. పదిహేడేళ్ల వయసులో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాం. కొవిడ్ రెండో వేవ్‌లో మా నాన్నగారు పోయారు. ఆయన కోసం అంత ప్రార్థించినా దక్కలేదన్న కోపంలో "నువ్వు లేవు, ఉన్నా నాకు అక్కర్లేదు" అని నోటితో అన్నాను. బైబిలు అటక మీద పెట్టేశాను. దాదాపు రెండేళ్లు మందిరానికి వెళ్లలేదు. ఇప్పుడు మళ్లీ వెళ్తున్నాను. ఈ మధ్య కూడికల్లో ఒక ప్రసంగీకులు హెబ్రీ 6వ అధ్యాయం చదివి, వెలిగింపబడి తప్పిపోయినవాళ్లకు ఇక దారి లేదన్నారు. అప్పటినుంచి ప్రభు భోజనపు బల్ల దగ్గర రొట్టె పళ్లెం నా దాకా వస్తే పక్కవాళ్లకు అందించేస్తున్నాను. రాత్రి రెండింటికి లేచి అదే తప్పు మళ్లీ మళ్లీ ఒప్పుకుంటున్నాను, శాంతి లేదు. మా అమ్మది బాప్టిస్టు సంఘం, ఒక్కసారి పొందిన రక్షణ పోదు అంటుంది. మా అత్తగారిది పెంతెకొస్తు సంఘం, పోతుంది, జీవగ్రంథంలో పేరు తుడిచేస్తారు అంటారు. మా తమ్ముడు ఒకప్పుడు యూత్‌లో పాటలు నడిపించేవాడు. ఇప్పుడు తాగుతున్నాడు, దేవుడి మాట ఎత్తితే నవ్వుతాడు. అమ్మ మాత్రం "వాడూ బాప్తిస్మం తీసుకున్నవాడే, ఏం కాదు" అంటుంది. ఎవరి మాట నమ్మాలి? నా రక్షణ పోయిందా?
— ఒక సోదరి, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ముందుగా జవాబు చెప్పాల్సింది ఆ రొట్టె పళ్లెం గురించే. ఈసారి మీ సంఘంలో బల్ల ఉన్నప్పుడు తీసుకోండి. ఎందుకు తీసుకోమంటున్నానో కింద రాస్తాను గానీ, ఈ మాట చివరిదాకా ఆపి చెప్పేది కాదు.

ఇక హెబ్రీ 6. ఆ పత్రిక ఎవరికి వెళ్లిందో చూడండి. క్రీస్తును నమ్మినందుకు నలుగురిలో నిందలు పడ్డవాళ్లకు, ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లకు (10:32-34). వాళ్లు అలసిపోయారు. కొందరు కూడుకోవడమే మానేశారు (10:25). యేసు పేరు వదిలేసి పాత యాజకుల దగ్గరికి, పాత బలుల దగ్గరికి పోతే ఈ బాధలుండవు కదా అన్న ఆలోచనలో ఉన్నారు. ఆ ఆలోచనకు అడ్డంగా నిలబడి రాసిన మాటలవి. సిలువ మీద క్రీస్తు అర్పించిన ఈ ఒక్క బలినీ తోసేసుకుంటే మీకోసం ఇంకో బలి ఎక్కడా లేదు, దాన్ని బాహాటంగా అవమానిస్తూ అదే సమయంలో మారుమనస్సు పొందడం కుదరదు అని చెబుతున్నాడు. అది ఉత్తుత్తి బెదిరింపని నేను అనను. కొందరు బోధకులు ఆ వచనాలను మెత్తబరిచి, అసలు అలా ఎవరికీ జరగదు, మాటవరసకు అన్నాడంతే అంటారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. హెచ్చరిక నిజమైనదే.

అయితే ఆ హెచ్చరికలో ఉన్న మనిషి, మీరు రాసిన మనిషి ఒకరేనా? అక్కడున్నవాడు ఆ బలి నాకు అక్కర్లేదని నడిచి వెళ్లిపోతున్నాడు. మీరు ఆ బలి నాకు ఇక దక్కదేమోనని రాత్రి రెండింటికి లేచి ఏడుస్తున్నారు. ఆ ప్రసంగీకులు 6వ వచనం దగ్గర ఆపేశారేమో గానీ పత్రిక రాసినవాడు ఆపలేదు. మూడు వచనాల తర్వాత "అయితే ప్రియులారా" అని పిలిచి, మీరు ఇంతకంటె మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలోనే ఉన్నారని మేము రూఢిగా నమ్ముతున్నాం అంటాడు. అంత గట్టి హెచ్చరిక ఎవరికి ఇచ్చాడో వాళ్లకే ఈ ధైర్యమూ చెప్పాడు. 9వ వచనం చదవకుండా 6వ వచనం బోధించకూడదని నా గట్టి అభిప్రాయం. వినేవాళ్లలో మీలాంటివాళ్లు ఎందరుంటారో మైకు ముందున్నవాళ్లకు కనిపించదు.

మీ ప్రశ్న సంఘానికి కొత్తది కూడా కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ తన రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటి పత్రాలు కొన్ని ఐగుప్తు (ఈజిప్టు) ఇసుకలో ఈ కాలంలో దొరికాయి. అర్జీదారు పేరు, ఊరు, నేను ఎప్పుడూ దేవతలకు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించి నైవేద్యం రుచి చూశాను అన్న మాట, కింద అధికారుల సాక్ష్యం. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు అర్పించారు. కొందరు అర్పించకుండానే లంచం ఇచ్చి పత్రం సంపాదించారు. హింస తగ్గాక వాళ్లలో ఎందరో ఏడుస్తూ సంఘం గుమ్మం దగ్గరికి వచ్చారు. రోమ్‌లో నోవేషియన్ అనే నాయకుడు వీళ్లను సంఘం మళ్లీ చేర్చుకోకూడదన్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, ఆయనతో కూడిన పెద్దలు 251లో అలా కుదరదన్నారు. పత్రం మాత్రమే కొన్నవాళ్లను ఒక్కొక్కరి సంగతి విచారించి చేర్చుకున్నారు. నిజంగా బలి అర్పించినవాళ్లకు దీర్ఘకాలం పశ్చాత్తాపం విధించారు. ఆ తర్వాత మరో హింస ముంచుకొస్తోందని తెలిసినప్పుడు, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లందరికీ బల్ల తెరిచారు. రేపు క్రీస్తు కోసం చావాల్సి వస్తే ఆయన బల్ల దగ్గరనుంచి తరిమేసి ఎలా పంపుతాం అన్నది వాళ్ల ఆవేదన. నోవేషియన్ వర్గంవాళ్లు తర్వాత తరాల్లో మీకు వినిపించిన ఈ హెబ్రీ 6నే చూపించి వాదించేవారు. నాలుగో శతాబ్దంలో మిలాను బిషప్ అంబ్రోజ్ వాళ్లకు జవాబుగా ఒక గ్రంథమే రాశాడు.

ఆలోచించండి. విగ్రహం ముందు సాంబ్రాణి వేసి, సంతకం పెట్టి, సాక్షుల ముందు క్రీస్తును కాదన్నవాళ్లు వాళ్లు. మీరు నాన్నను పోగొట్టుకున్న దుఃఖంలో దేవుడి మీద అరిచారు.

ఆ అరుపు తప్పు కాదని నేను అనను. కానీ బైబిల్లో అలా అరిచినవాళ్లు మీరొక్కరే కాదు. యోబు తాను పుట్టిన రోజును శపించాడు, దేవుడు తనకు అన్యాయం చేశాడన్నాడు. చివర్లో దేవుడు తప్పుపట్టింది పద్ధతిగా మాట్లాడిన ఆ ముగ్గురు స్నేహితులను (42:7). యిర్మీయా "నువ్వు నన్ను మోసపుచ్చావు" అన్నంత దూరం వెళ్లాడు (20:7). పేతురైతే దుఃఖంలో కూడా కాదు, చలిమంట దగ్గర ఒక పనిపిల్లకూ దగ్గర నిలుచున్నవాళ్లకూ భయపడి, ఆ మనుష్యుణ్ణి ఎరుగనని శపించుకుని ఒట్టుపెట్టుకున్నాడు (మార్కు 14:71). అతను ఆ మాట అనకముందే యేసు అతనితో ఏమన్నాడో లూకా 22:32లో ఉంది. నీ నమ్మిక తప్పిపోకుండా నీకోసం వేడుకున్నాను, నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు. పేతురు అననున్న మాట ఆయనకు ముందే తెలుసు. తిరిగి వస్తాడనీ తెలుసు. వచ్చాక చేయాల్సిన పని కూడా అప్పుడే అప్పగించాడు.

పరిశుద్ధాత్మకు వ్యతిరేకమైన దూషణ గురించి మీరు రాయలేదు గానీ, ఈ భయం ఉన్నవాళ్లకు అది కూడా మనసులో ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఆ మాట యేసు అన్నది యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులతో. కళ్లెదుట దయ్యాలు వదలడం చూసి కూడా ఇది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అన్నవాళ్లతో (మార్కు 3:22-30). వాళ్లలో ఒక్కరికైనా నిద్ర పట్టలేదని ఎక్కడా లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి మాట, మీ అత్తగారి మాట. ఒకే ఇంట్లో ఇద్దరు భక్తిపరులు ఇలా వేరువేరుగా మాట్లాడటం మన తెలుగు ప్రాంతంలో మామూలే. గుంటూరుకు 1842లో లూథరన్లు వచ్చారు, నెల్లూరు ఒంగోలు వైపు బాప్టిస్టులు, నర్సాపురం వైపు బ్రదరెన్ వారు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. ఆ తర్వాత పెంతెకొస్తు సంఘాలు వచ్చాయి. ఎవరి బోధ వాళ్లు తెచ్చారు. నీతిమంతులుగా తీర్చబడినవారు మళ్లీ పడిపోవచ్చని లూథరన్లు 1530 నుంచే తమ విశ్వాస ప్రమాణంలో రాసుకున్నారు. మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ కూడా అదే నమ్మాడు. బాప్టిస్టులు, బ్రదరెన్ వారిలో ఎక్కువమంది నిజంగా రక్షణ పొందినవారు చివరిదాకా నిలుస్తారని బోధిస్తారు. డచ్ వేదాంతి ఆర్మీనియస్ శిష్యులు 1610లో ఐదు అంశాలు రాసినప్పుడు, ఈ సంగతి మాత్రం లేఖనాల్లో ఇంకా పరిశీలించాలి అని తేల్చకుండా ఉంచారు. అంత తేలిక ప్రశ్న కాదిది.

నేను ఎటు ఉన్నానో దాచను. దేవుడు తనవారిని చివరిదాకా కాపాడతాడని నమ్ముతున్నాను. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్న మాటకు (యోహాను 10:28) చిన్న అక్షరాల్లో షరతులు లేవు. మరి హెచ్చరికలెందుకు అంటారా? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. తుపానులో పౌలు ఓడలో నిలబడి, మీలో ఒక్కరి ప్రాణం కూడా పోదని దేవుడు నాకు చెప్పాడన్నాడు. అది మాట. కొంతసేపటికి ఓడవాళ్లు, లంగర్లు వేస్తున్నట్టు నటించి చిన్న పడవ దించుకుని పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరన్నాడు. అది హెచ్చరిక. సైనికులు, ఎలాగూ ఎవరూ చావరని దేవుడే చెప్పాడుగా అనుకుని కూర్చోలేదు. తాళ్లు కోసి పడవను నీళ్లలో వదిలేశారు. ఈదగలిగినవాళ్లు ఈదుతూ, మిగతావాళ్లు పలకల మీదా ఓడ చెక్కల మీదా, 276 మంది ఒడ్డుకు చేరారు. హెచ్చరిక విని తాళ్లు కోయడం ద్వారానే ఆ మాట నెరవేరింది. హెబ్రీ 6ను నేను ఇలాగే చదువుతాను. తనవాళ్లు ఓడ దిగి పోకుండా దేవుడు వాడే కేక అది. మీరు ఆ కేక విని ఓడలోకి వచ్చారు. వచ్చినవాళ్లను ఆ కేకతోనే మళ్లీ నీళ్లలోకి తోయడం బోధ కాదు.

కానీ నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. మీ విషయంలో ఈ రెండు సంఘాల జవాబూ ఒక్కటే. రక్షణ పోదు అన్నవాళ్లలో అందరికంటే గట్టివాళ్లు 1618-19లో నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ నగరంలో సభగా కూడిన సంఘ పెద్దలు. వాళ్లు కూడా దావీదు, పేతురుల పేర్లు చెప్పి, విశ్వాసులు ఘోరంగా పడిపోవచ్చు, ఆత్మను దుఃఖపరచవచ్చు, దేవుని దయ తమ మీద ఉందన్న అనుభూతిని కొంతకాలం పోగొట్టుకోవచ్చు అని రాశారు. అనుభూతి పోయినంత మాత్రాన దేవుడు వదిలేసినట్టు కాదనీ రాశారు. ఇటు వెస్లీ, రక్షణ పోవచ్చని నమ్మినవాడు, వెనుదిరిగినవారి కోసం చేసిన ఒక ప్రసంగంలో, అలా పడిపోయి మళ్లీ దేవుని దగ్గరికి వచ్చినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను, నిరాశపడకండి అని బతిమాలాడు. అంటే మీ అమ్మగారి సిద్ధాంతం మీరు ఇంకా ఆయనవారే, రండి అంటుంది. మీ అత్తగారి సిద్ధాంతం పోగొట్టుకున్నా తిరిగి దొరుకుతుంది, రండి అంటుంది. మీరు రాకూడదు అనే సంఘం ఈ రెండింటిలో ఏదీ కాదు. జీవగ్రంథం మాట కూడా మీ అత్తగారితో కలిసి ఒకసారి చదవండి. ప్రకటన 3:5లో ఉన్నది జయించువాని పేరు ఎంతమాత్రమూ తుడుపు పెట్టను అన్న వాగ్దానం.

బల్ల సంగతి. రొట్టెను "అయోగ్యముగా" తినకూడదన్న పౌలు మాట మిమ్మల్ని ఆపుతోందని ఊహిస్తున్నాను. కొరింథులో ఏం జరిగిందో 1 కొరింథీ 11:20-22లో ఉంది. ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసేవారు, ఒకడు మత్తుగా ఉండేవాడు, పేదవాడు ఆకలితో చూస్తూ కూర్చునేవాడు. పౌలు కోపం ఆ సిగ్గులేని తిండి మీద. 28వ వచనం మొత్తం చదవండి. తన్ను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది త్రాగవలెను అని ఉంది. పరీక్షించుకుని పక్కవాళ్లకు అందించేయమని లేదు. మీరు పరీక్షించుకోవడం అవసరానికి మించి చేశారు. ఇక తినడమే మిగిలింది. బల్లకు ముందు మీ పాస్టరు గారినీ పాస్టరమ్మగారినీ కలిసి జరిగింది ఒకసారి చెప్పుకోండి. వాళ్లు మీకోసం ప్రార్థించి పంపిస్తారు. ఒక్కరే మోస్తున్నందువల్ల కూడా ఇది ఇంత బరువైంది.

రాత్రి ప్రార్థన విషయంలో మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. ఒప్పుకున్న పాపాన్ని 1 యోహాను 1:9 ప్రకారం ఆయన క్షమించాడు. దాన్నే రోజూ రాత్రి తవ్వడం భక్తి పెరగడం కాదు. ఆ ప్రార్థన మానేయండి, దానికి బదులు ఒక కీర్తన చదివి పడుకోండి. అప్పటికీ నిద్ర రాకపోతే, ఆ ఆలోచన వద్దనుకున్నా వదలకపోతే, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. పెద్ద దుఃఖం తర్వాత మనసుకు జబ్బు చేయడం మామూలు, దానికి మందులున్నాయి. విశ్వాసం లేకనే ఇలా అవుతోందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. యాత్రికుని ప్రయాణము రాసిన జాన్ బన్యన్ యవ్వనంలో, క్రీస్తును అమ్మేయి అన్న తలంపు పగలూ రాత్రీ వెంటాడి, ఒకనాడు మనసులో సరే అనేశాడు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. కన్నీళ్లతో వెదికినా అవకాశం దొరకని ఏశావు మాట (హెబ్రీ 12:17) అతన్ని చాలాకాలం నలిపేసింది. పొలంలో నడుస్తుండగా, నీ నీతి పరలోకంలో ఉంది అన్న తలంపు వచ్చి తెప్పరిల్లానని తానే రాసుకున్నాడు. తన మనసు బాగున్న రోజున అది పెరగదు, బాగాలేని రోజున తరగదు, ఎందుకంటే ఆ నీతి యేసుక్రీస్తే అని గ్రహించాడు. ఆ మనిషే తర్వాత ప్రకటించడం మానను అన్నందుకు బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్లు ఉన్నాడు.

ఇక మీ తమ్ముడు. అమ్మగారికి కష్టం కలిగినా ఇది చెప్పాలి. మీ విషయంలో రెండు సంఘాలూ ఏకమైనట్టే అతని విషయంలోనూ ఏకమవుతాయి. బాప్తిస్మం తీసుకున్న తేదీని చూపించి ఏం కాదు అనమని బాప్టిస్టు బోధ ఎప్పుడూ చెప్పలేదు. నిజమైన విశ్వాసులు చివరిదాకా నిలుస్తారు అన్నది ఆ బోధ. నిలవకుండా, నిలవాలని కూడా లేకుండా నవ్వుతున్నవాడికి ఆ మాట ధైర్యంగా చెప్పకూడదు. అతను పోయినవాడని తీర్పు చెప్పే పని కూడా మనది కాదు. 2 తిమోతి 4లో రెండు వచనాలు పక్కపక్కనే ఉన్నాయి. 10లో దేమా ఇహలోకాన్ని స్నేహించి పౌలును విడిచి వెళ్లాడు, అతని సంగతి బైబిలు అక్కడితో ఆపేసింది. 11లో మార్కును వెంటబెట్టుకుని రమ్మంటున్నాడు, అతను నాకు ప్రయోజనకరమైనవాడు అంటున్నాడు. పంఫూలియలో పనిని మధ్యలో వదిలిపోయిన మార్కే అతను, ఒకప్పుడు వద్దే వద్దని పౌలు బర్నబాతో తగవుపడి విడిపోయింది అతని గురించే. మధ్యలో అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కినవాడు బర్నబా (అపొ.కా. 15:39).

కాబట్టి మీ తమ్ముడికి ఫోన్ చేయండి. మొదటి ఫోన్లలో మందిరం మాట ఎత్తకండి. తాగుడు ఏ స్థాయిలో ఉందో కనుక్కోండి, చేయి దాటుతుంటే డీఅడిక్షన్ చికిత్సకు తీసుకెళ్లడానికి మీ ఆయన సాయం తీసుకోండి. నాన్న పోయిన దుఃఖం అతనిదీ కదా. అతను నవ్వుతున్నది దేవుణ్ణి చూసో, ఆ రోజుల్లో మీరు అరిచిన అరుపునే ఇంకో రకంగా అరుస్తున్నాడో నాకు తెలియదు, మీరైతే గుర్తుపట్టగలరు. మీరు ఏమన్నారో, రెండేళ్లు ఎలా ఉన్నారో, ఎలా తిరిగి వచ్చారో సమయం చూసి అతనికి చెప్పండి. ఇంట్లో ఆ మాట అతనితో మాట్లాడగలిగింది ప్రస్తుతానికి మీరే. అమ్మగారిని మాత్రం ఏం కాదు అనడం ఆపి, అతని పేరు పెట్టి రోజూ ప్రార్థించమనండి.